ముయిక్కు నుంచి జవాబు లేదు

ఎడమ పక్క జాబితాలో నూట ముప్పై ఏడు పేర్లు.
అన్నీ చేపలే.
హౌకి, ఆహ్వెన్, సీకా, మాదె...
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న పెంట్టికి
సరస్సు పిచ్చి.
చేపలు అయిపోయాక ఎరల పేర్లు పెట్టాడు,
ఎరలూ అయిపోయాక రిటైరయ్యాడు.

రాత్రి డ్యూటీ నాది.
కయానీ ఆసుపత్రి, మూడో అంతస్తు,
అద్దం అవతల మైనస్ ఇరవై ఏడు.
పేరు మీద రెండుసార్లు నొక్కితే చాలు,
పాస్‌వర్డ్ తనంతట తానే చెప్పుకుని
నన్ను లోపలికి దించుతుంది.
పరకాయ ప్రవేశం ఇంత సులువా అని
మొదటి వారం నవ్వుకున్నాను.

రక్తపరీక్షల లెక్క చూసే యంత్రం ఒకటి,
ఎవరి కూరలో ఉప్పు వద్దో
వంటింటికి చెప్పేది ఇంకొకటి.
వేటికీ ఒళ్లు లేదు.
నాలుగు ఇనప పెట్టెల్లో
ఇరుకు వాటాల్లో అద్దెకున్నట్టు
పక్కవాళ్ల ఉనికి తెలియకుండా బతుకుతాయి.
ఆ పెట్టెలైనా ఇక్కడ లేవు.
డెబ్బై కిలోమీటర్ల అవతల,
ఎప్పటి యుద్ధభయానికో తొలిచిన
కొండరాతి గదిలో ఉన్నాయి.
నేను ఎన్నడూ చూడలేదు.

తెర మీద కిటికీ వెనక కిటికీ.
అన్నిటికీ అదే నీలం,
అదే మూలన అదే గడియారం.
రెండూ పదికి ముయిక్కు మందగించింది.
ముయిక్కంటే వేలెడు చేప;
నా జాబితాలో అది పురిటి వార్డు.
నెట్‌వర్క్ ఒక్కసారి ఆపి వేద్దామనుకున్నాను.
ఆపాను.

ఆపింది ముయిక్కుని కాదు.
దాన్ని మోస్తున్న పెట్టెని.

కూర్చున్న కొమ్మ నరుక్కున్నవాడికి
పడిన చప్పుడైనా వినిపిస్తుంది.
నాకు అదీ లేదు.
ముప్పై నాలుగు పచ్చ చుక్కలు
ఒకదాని వెంట ఒకటి బూడిదయ్యాయి.
మళ్లీ కలుపుతున్నాను, అంది తెర.
మళ్లీ కలుపుతున్నాను.
ఎంత మర్యాదో దానికి.

వార్డుకి ఫోన్ చేస్తే రాకెల్ ఎత్తింది.
"కాగితం మీద రాసుకుంటాంలే."
వెనక ఎవరో అప్పుడే పుట్టి
గట్టిగా గొడవపడుతున్నారు.
"మెల్లగా వెళ్లు, రెయిన్‌డీర్లు అడ్డొస్తాయి."

ఒక్కటి కూడా అడ్డు రాలేదు.
హెడ్‌లైట్ల ముందు మంచు, దాని వెనక మంచు.

ఇనప తలుపు తీసిన కాపలాదారు సులెవి
నా మొహం చూసి అడిగాడు, ఏం పోయిందని.
"ముయిక్కు."
"ఎన్ని?"
"ముప్పై నాలుగు."
"ఈ చలికి అన్ని పడ్డాయంటే అదృష్టమే," అన్నాడు.

లోపల ఫ్యాన్ల హోరు.
ఐదేళ్లుగా నేను తిరిగిన ఇల్లు
ఇంత చిన్నదా?
నా భుజం దాకా కూడా లేదు.
మూడో పెట్టెకి కీబోర్డు తగిలించాను,
ఒక మీట ఊడిపోయి ఉంది.
నాలుగు మాటలు కొట్టాను.
గ్లవ్ తీసి, ఎందుకో, దాని మీద చెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంది,
జ్వరం తగ్గుతున్న నుదురంత.

ముయిక్కు చావలేదు. ఆగనైనా లేదు.
దాని దినచర్యలో పది సెకన్లకొకటి చొప్పున
వరసగా ఒకే వాక్యం:
బయటి నుంచి జవాబు లేదు.
బయటి నుంచి జవాబు లేదు.
నేను మంచులో కారు నడిపినంతసేపూ
తప్పిపోయింది నేనని రాసుకుంది.

తెల్లవారాక రాకెల్ కాగితం చూసి ఎక్కించింది:
ఆడపిల్ల, రెండూ ముప్పై ఒకటి,
మూడు కిలోల నాలుగు వందల పది గ్రాములు.
నేను ఆ నాలుగు పెట్టెల కిటికీలకి
ఎర్ర రంగు పెట్టాను.
పెంట్టికి ఈ సంగతి చెప్పను.

సులెవి కవరులో కట్టిచ్చిన చేపలు
రై పిండిలో దొర్లించి,
వెన్నలో వేయించి,
తలలతో సహా తిన్నాను.